బేగంపేట ఎండ వేరు, మీ చేని ఎండ వేరు

హైదరాబాద్‌లో నేడు గరిష్ఠ ఉష్ణోగ్రత 41 డిగ్రీలు అని వార్తల్లో చెబుతారు. మాదాపూర్‌లో ఏసీ గదిలో కూర్చున్న ఉద్యోగికీ, మోకిలలో కొత్తిమీర మడికి నీళ్లు కడుతున్న రైతుకూ అందేది ఆ ఒక్క అంకే. ఇంతకీ ఆ 41 ఎక్కడిది? బేగంపేటలోని వాతావరణ కేంద్రం ఆవరణలో, నేలకు నాలుగడుగుల పైన, గాలి ఆడేలా చెక్క పలకలు బిగించిన తెల్లటి పెట్టెలో ఉన్న థర్మామీటరు చూపించిన అంకె. అంటే నీడన కొలిచినది. మీ టమాట మొక్క నీడన లేదు. దాని వేళ్లున్న ఎర్రనేల అసలే లేదు. ఏ కప్పూ లేని నేల పైపొర మిట్టమధ్యాహ్నం 55, 60 డిగ్రీల దాకా కాగుతుంది. చెప్పులు లేకుండా గట్టు దాటిన కాలికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు.

శేరిలింగంపల్లి నుంచి గండిపేట, శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల దాకా ఇంకా సేద్యం మిగిలిన ఊళ్లలో ఎకరం, రెండెకరాల రైతులే ఎక్కువ. ఆకుకూరలు, టమాట, పూలు, రెండు మూడు బర్రెలు. వీరి సరుకంతా పోయేది నగరానికే. ఎండ ముదిరిన పక్షం రోజుల్లో వీరు నష్టపోయేది సగం ఎండ వల్ల, మిగతా సగం వాతావరణ సూచన చేతిలో ఉండి కూడా దాన్ని ఎలా వాడుకోవాలో తెలియక. అందుకే ఈ వారం ఆ సూచనను సొంత చేనుకు ఎలా అన్వయించుకోవాలో చూద్దాం.

ముందుగా వడగాడ్పు అనే మాట సంగతి. మనం వాడే అర్థం ఒకటి, వాతావరణ శాఖ వాడే అర్థం ఇంకొకటి. శాఖ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో గరిష్ఠం కనీసం 40 డిగ్రీలు ఉండాలి, అది ఆ రోజుకు ఉండవలసిన మామూలు అంకె కన్నా 4.5 డిగ్రీలైనా ఎక్కువ కావాలి. మామూలు కన్నా 6.4 డిగ్రీలు మించితే తీవ్ర వడగాడ్పు. లేదా మామూలుతో నిమిత్తం లేకుండా 45 తాకితే వడగాడ్పు, 47 తాకితే తీవ్ర వడగాడ్పు. అదీ ఒక్క చోట వస్తే చాలదు. ఆ ప్రాంతంలో కనీసం రెండు కేంద్రాల్లో వరుసగా రెండు రోజులు ఉండాలి.

ఇప్పుడు మన లెక్క వేసుకోండి. మే నెలలో హైదరాబాద్ మామూలు గరిష్ఠం 39 దగ్గర ఉంటుంది. దానికి 4.5 కలిపితే 43.5. అంటే వారం రోజులు వరుసగా 42 కాసినా కాగితం మీద అది వడగాడ్పు కాదు. నగరంలో నమోదైన ఎండల్లో పై అంకె 45.5, అది 1966 జూన్ 2 నాటిది. సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న పీఠభూమి కావడంతో రామగుండం, ఖమ్మం వైపు కన్నా మన దగ్గర అంకె తక్కువే కనిపిస్తుంది. ఆ తక్కువే మనల్ని మోసం చేసేది. బర్రెకు ఇబ్బంది 43.5 కాడ మొదలు కాదు, అంతకు చాలా ముందే మొదలవుతుంది. టమాట పూతకు 38 చాలు. వడగాడ్పు హెచ్చరిక రాలేదు కదా అని తీరుబడిగా కూర్చున్న రైతుకు పూత రాలినాక గానీ తెలియదు.

హెచ్చరికల రంగులు కూడా అంతే. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడండి అని అర్థం. ఇవి ముఖ్యంగా మనుషుల ప్రాణాలను, అధికారుల ఏర్పాట్లను దృష్టిలో పెట్టుకొని ఇచ్చేవి. పంటకూ పాడికీ పసుపు రంగు పడ్డ రోజే నారింజ అనుకొని పని మొదలుపెట్టడం మేలు.

ఒకే రోజు పత్రికలో ఒక చోట 41, ఇంకో చోట 43 అని చూసి తికమక పడేవారున్నారు. రెండూ నిజమే. వాతావరణ శాఖకు తన కేంద్రాలు తనకున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం తరఫున తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సొసైటీ మండలాల్లో వాటంతటవే కొలిచే యంత్రాలు పెట్టింది. మీకు పనికొచ్చేది మీ మండలం అంకె. దాని కన్నా ఇంకా పనికొచ్చేది మీ కొట్టంలో నీడన వేలాడదీసిన థర్మామీటరు. గోడకు తగిలించే మామూలు థర్మామీటరు చాలు. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, తెల్లవారుజామున అయిదింటికి ఒకసారి చూసి క్యాలెండరు మీద రాసుకోండి. పది రోజులు రాస్తే బేగంపేట అంకెకూ మీ అంకెకూ తేడా ఎంతో మీకే తేలిపోతుంది. ఆ తరువాత వార్తల్లో ఏ అంకె విన్నా దానికి మీ తేడా కలుపుకోవచ్చు.

రాత్రి అంకె చూడండి

అందరూ పగటి అంకె చూస్తారు. పంటను, పశువును పడగొట్టేది చాలాసార్లు రాత్రి అంకె. పగలు మొక్క వండుకున్న ఆహారాన్ని రాత్రి శ్వాసలో కొంత ఖర్చు చేస్తుంది. రాత్రి చల్లబడకపోతే ఆ ఖర్చు పెరిగిపోయి కాయకు మిగిలేది తగ్గుతుంది. బర్రె పగలు ఒంట్లో చేరిన వేడిని రాత్రి వదిలించుకోవాలి. అది కుదరకపోతే మరునాటి ఎండ పాత వేడి మీద కొత్తగా ఎక్కుతుంది. మనిషికీ అంతే. వడదెబ్బ మరణాలు మొదటి రోజు కన్నా వరుసగా మూడు నాలుగు రోజులు కాసినాక పెరగడానికి ఇదొక కారణం. పగలు 40 దాటి, రాత్రి కనిష్ఠం మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వాతావరణ శాఖ దాన్ని వెచ్చని రాత్రి అంటుంది. మే నెలలో మన రాత్రి మామూలు 26 దగ్గర. 29, 30 కనిపించిందంటే పగటి అంకె ఎంతైనా ఆ మరునాడు జాగ్రత్త రెట్టింపు కావాలి.

ఈ రాత్రి వేడి విషయంలో ఐటీ కారిడార్ పక్క ఊళ్లకు వేరే కష్టం ఉంది. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు మాదాపూర్ చుట్టూ ఉన్నది బండరాళ్లు, కంచెలు, చెరువులు. కంచె అంటే మన వైపు పశువులు మేసే బీడు. బండరాయి కూడా వేడి పట్టి ఉంచేదే, కానీ మధ్యలో చెట్టూ తడీ ఉండేవి. ఇప్పుడు గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట దాకా కాంక్రీటు, తారు, అద్దాలు. కాంక్రీటు పగలంతా వేడి తాగి రాత్రంతా కక్కుతుంది. వేల ఏసీలు గదిలోని వేడిని బయటికి తోస్తాయి. ఆకుల్లోంచి ఆవిరయ్యే తడి వల్ల వచ్చే చల్లదనం లేదు. అందుకే మేడల దగ్గర తెల్లవారుజామున కూడా గోడ వెచ్చగానే ఉంటుంది, చేవెళ్ల వైపు బయలు పొలంలో దుప్పటి వెతుక్కోకపోయినా గాలి తెలుస్తుంది.

2023 ఆగస్టులో ప్రభుత్వ వేలంలో కోకాపేటలో ఎకరం నూరు కోట్లు దాటింది. ఆ పక్కన గోంగూర పండించేవాడికి ఆ ధర ఒక్క రూపాయి లాభం చేయలేదు గాని, రాత్రి వేడి మాత్రం పంచుతోంది. 1996 నాటి 111 జీవో గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. 2022లో ఆ ఆంక్షలు సడలిస్తూ ఇంకో జీవో వచ్చింది. 2025లో కంచ గచ్చిబౌలిలో నాలుగు వందల ఎకరాల్లో చెట్లు కొట్టడం మొదలుపెడితే ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది. భూమి గొడవలు కోర్టులు చూసుకుంటాయి. చెట్లున్న బీడు పోతే చుట్టుపక్కల మడులకు వేడి పెరుగుతుందన్నది మాత్రం ఏ కోర్టూ తేల్చనక్కర లేని సంగతి. మేడలకు ఆనుకొని మడి ఉన్నవారు మండలం సూచనలోని రాత్రి అంకెకు ఇంకొంత కలుపుకోవాలి.

ఏ సూచన దేనికి

సూచనలు నాలుగు రకాలు. వాటిని కలగాపులగం చేసుకోవద్దు. మార్చి ఆఖరున వచ్చేది మూడు నెలల సూచన. 2024 ఏప్రిల్ 1న ఇచ్చిన దాంట్లో దేశంలో మామూలుగా 4 నుంచి 8 రోజులుండే వడగాడ్పులు పలు ప్రాంతాల్లో 10 నుంచి 20 రోజులు ఉండవచ్చన్నారు. ఆ ఏడు ఏప్రిల్ చివర, మే మొదట్లో తెలంగాణలో కొన్ని మండలాల్లో 46 దాటింది. మరుసటి ఏడు, 2025లో కూడా దేశంలో ఎక్కువ భాగంలో ఎండలు మామూలును మించుతాయన్నారు. కానీ మే నెలలో జరిగిందేమిటి? 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అత్యధికంగా వాన పడ్డ మే నెల అదే అయింది. నైరుతి మే 24నే కేరళను తాకి, రెండు రోజుల్లో తెలంగాణలోకి వచ్చేసింది. ఎండలే కదా అని కల్లాల్లో, కొనుగోలు కేంద్రాల్లో వడ్లు ఆరబోసినవారు తడిపేసుకున్నారు.

అలాగని శాఖ అబద్ధమాడిందనడం సరికాదు. మూడు నెలల సూచన అంటే సీజను మొత్తానికీ పెద్ద ప్రాంతానికీ వేసిన మొగ్గు లెక్క. ఫలానా వారం ఫలానా ఊళ్లో అని అది చెప్పదు. దాన్ని చూసి చేసుకోవలసిన నిర్ణయం ఒక్కటే: ఈ ఎండాకాలం ఎంత విస్తీర్ణంలో పంట పెట్టాలి. ఎండలు ఎక్కువంటే ఎకరం పెట్టేచోట అర ఎకరం పెట్టుకోవాలి, అంతే.

ప్రతి గురువారం శాఖ రానున్న వారాలకు ఒక అంచనా ఇస్తుంది. నారు పోయాలా, ఆకుకూర విత్తనం చల్లాలా, ఇంకో పది రోజులు ఆగాలా అన్నది దీన్నిబట్టి తేల్చుకోవచ్చు. మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ బులెటిన్ అయిదు రోజులకు. మన జిల్లాకు రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వాతావరణ శాఖ అంకెలకు పంట సలహా చేర్చి ఇస్తారు. నీటి తడులు, మందు పిచికారీ, కోతలు దీని ప్రకారం. ఇది మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే చూడవచ్చు. ఫోను మీద చూడటం రాకపోతే రైతు వేదికలో ఏఈవోను అడగండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోను చేయండి, డబ్బులు పడవు. నాలుగోది రెండు మూడు గంటల ముందు వచ్చే హెచ్చరిక. ఉరుము, మెరుపు, ఈదురుగాలి ఈ కబురులోనే తెలుస్తాయి. దాని గురించి కింద చెప్పుకుందాం.

బులెటిన్‌లో చాలామంది చదవకుండా వదిలేసేవి రెండున్నాయి. ఒకటి గాలిలో తేమ, రెండు గాలి వేగం, దిక్కు. వాయవ్యం నుంచి పొడి గాలి వీస్తే నేల, ఆకు తొందరగా ఎండుతాయి, నీరెక్కువ కావాలి. తూర్పు, ఆగ్నేయం నుంచి తేమ గాలి మొదలైతే అంకె రెండు డిగ్రీలు తగ్గినా ఉక్కపోత పెరుగుతుంది, చెమట ఆరదు. పంటకు మొదటిది చేటు, బర్రెకూ కూలీకీ రెండోది చేటు.

నీళ్ల లెక్క

ఎండలో ఎంత నీరు పోతుందో లెక్క తెలిస్తే సగం భయం తీరుతుంది, మిగతా సగం పెరుగుతుంది. ఒక మిల్లీమీటరు నీరు ఎకరమంతా పరిస్తే నాలుగు వేల లీటర్లు. బాగా ఆకు కమ్మిన కూరగాయ పంట మండుటెండల్లో రోజుకు 7 మిల్లీమీటర్ల దాకా తాగుతుంది. అంటే ఎకరానికి 28 వేల లీటర్లు, ప్రతి రోజూ.

మీ బోరు ఎంత పోస్తుందో కొలుచుకోండి. రెండు వందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి గడియారం చూడండి. రెండు నిమిషాల్లో నిండితే గంటకు ఆరు వేల లీటర్లు. ఆరు గంటలు నడిస్తే 36 వేలు. మట్టి కాలువ గుండా పారిస్తే అందులో చాలా భాగం దారిలోనే ఇంకుతుంది, మొక్కకు చేరేది ఎకరానికి కూడా సరిపోదు. డ్రిప్పుంటే అదే నీరు ఎకరానికి పైచిలుకు వస్తుంది. నాలుగు నిమిషాలకు గాని డ్రమ్ము నిండని బోరుతో రెండెకరాలు పెట్టినవాడు రెండెకరాలూ పోగొట్టుకుంటాడు.

కాబట్టి నారింజ హెచ్చరిక వచ్చిన రోజే గట్టు మీద నిలబడి ఏది బతికించాలో తేల్చుకోవాలి. కాపు మీదున్న మడి, వారంలో కోతకొచ్చే ఆకుకూర ముందు. ఇప్పుడే మొలిచిన మడి, ఆఖరి కోతలకు వచ్చి వడిలిన తోట తరువాత. మనసు ఒప్పదు, నిజమే. పెట్టుబడి పెట్టిన మడిని కళ్లముందు ఎండనివ్వడం ఏ రైతుకైనా కష్టమే. కానీ అన్నిటికీ తలా కొంచెం పోస్తే వేరు అందుకునే లోతుకు ఎక్కడా తడి చేరదు. ఎండల్లో సరుకు తగ్గి ధర లేచేది సరిగ్గా అప్పుడే. నిలిచిన అర ఎకరం పాలకూర ఆ ధర తెచ్చిపెడుతుంది.

తడి ఇచ్చే వేళ తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు లోపు, లేదా పొద్దుగూకినాక. మధ్యాహ్నం కాగిన పైపులోని నీళ్లు మొదట మొక్క మొదట్లో పడకుండా పక్కకు వదిలేయండి. ఎర్రనేలలో నాలుగు రోజులకొకసారి నిండా పారించే బదులు రోజు విడిచి రోజు తేలికగా ఇవ్వడం మేలు. వరిగడ్డి, గిరిపుష్పం కొమ్మలు, ఎండుటాకు, ఏది దొరికితే అది మొదళ్ల దగ్గర రెండు మూడంగుళాలు పరిస్తే నేల వేడి బాగా తగ్గుతుంది. గడ్డి బర్రెలకే చాలదు, మొక్కలకెక్కడిది అంటారు కొందరు. పశువు తినని చెత్త ప్రతి ఊళ్లోనూ ఉంటుంది, దాన్ని తగలబెట్టకుండా తెచ్చి వేయండి.

ఆకుకూర మడులకు నీడ తప్పదు. 50 శాతం నీడనిచ్చే పచ్చ వల ఉంటే మంచిది. దాని మీద రాయితీ ఏ ఏడాదికెంతో ఉద్యాన అధికారిని అడిగి తెలుసుకోండి. లేనివారు వెదురు గుంజలు పాతి తాటాకులో, పాత చీరలో కప్పినా పని జరుగుతుంది. నాలుగు మూలలా గట్టిగా కట్టాలి, లేదంటే సాయంత్రం గాలికి చీర పక్కవాడి మామిడి చెట్టెక్కుతుంది. పడమటి గట్టు వెంట రెండు వరుసల జొన్నో అవిసెో ఉంటే వడగాలి నేరుగా మడి మీదికి రాదు. ఇది వచ్చే ఏడాదికి ఇప్పుడు గుర్తుంచుకోవలసిన మాట.

టమాటలో పగలు 38, రాత్రి 25 దాటిన వారంలో పుప్పొడి చచ్చుబడి పూత రాలుతుంది. పండే కాయ ఎరుపెక్కక పసుపుగా మిగులుతుంది. అది తెగులు కాదు, దుకాణంలో ఇచ్చిన సీసా ఏదీ దాన్ని ఎర్రబరచదు. బెట్ట తగిలినప్పుడు లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేటు, అదే 13-0-45, కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే మొక్క కొంత తట్టుకుంటుంది. పొడి ఎండల్లో ఎర్రనల్లి, తామరపురుగు పెరుగుతాయి. నల్లికి గంధకం మందు వాడతారు గదా, 35 డిగ్రీలు దాటిన ఎండలో అది కొడితే నల్లి కన్నా ముందు ఆకు మాడిపోతుంది. పొద్దుగూకే వేళే కొట్టాలి, అదీ నేలలో తడి ఉన్నప్పుడు. పైన మందు, కింద బెట్ట రెండూ కలిస్తే మొక్క తేరుకోదు.

కోసిన ఆకుకూరను సాయంత్రం చల్లబడ్డాక కోసి తడి గోనెలో చుట్టి పెట్టి, తెల్లారేసరికి మెహదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి రైతుబజార్లకు చేర్చేవారికి వడలు తక్కువ. పొద్దున ఎనిమిదికి కోసి పదికి ఆటో ఎక్కిస్తే గచ్చిబౌలి చేరేసరికి సగం పారేయాల్సిందే.

కొట్టంలో

బర్రె తోలు నల్లన, చెమట పట్టే గ్రంథులు తక్కువ. అందుకే అది నీళ్లలో పడుకోవాలని చూస్తుంది. చెరువులు పోయిన ఊళ్లలో ఆ సుఖం లేదు కాబట్టి మనమే పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండుసార్లు కడగాలి. పాలిచ్చే బర్రె ఎండాకాలంలో రోజుకు 70, 80 లీటర్ల దాకా తాగుతుంది. సింటెక్స్ ట్యాంకులో కాగిన నీళ్లు పెడితే మూతి పెట్టి వదిలేస్తుంది. తొట్టి నీడన ఉండాలి. మేత తెల్లవారకముందు, రాత్రి చల్లబడ్డాక వేయండి. మధ్యాహ్నం మేత అరిగే వేడి కూడా ఒంటికి భారమే. రోగం లేకుండానే ఒగరుస్తూ, నోట్లోంచి చొంగ కారుస్తూ, పాలు ఒక్కసారిగా తగ్గిస్తే అది ఎండ దెబ్బ. నీడకు చేర్చి తల మీద, మెడ మీద నీళ్లు పోస్తూ పశువైద్యుడికి కబురు చేయాలి. ఈ కాలంలో బర్రెలు ఎదకొచ్చినా అరవవు, చాలామంది ఆ సూలు పోగొట్టుకుంటారు. తెల్లవారుజామున గమనిస్తే తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నీళ్లు లేక వాడిన లేత జొన్న, కోసిన మోడు నుంచి వచ్చిన పిలకలు బర్రెలకు వేయొద్దు. వాటిలో సైనైడు విషం చేరి ఉంటుంది. పచ్చమేత కనిపించక అల్లాడుతున్న రోజుల్లో పక్క చేలో పచ్చగా పిలకలు కనిపిస్తే పశువును విప్పి వదులుతారు. మేసిన కాసేపటికే కడుపు ఉబ్బి, వణికి, పడిపోతుంది. వైద్యుడు వచ్చి సూది మందు వేసేలోపే ప్రాణం పోవచ్చు. వారం రోజుల్లో తడి దొరికి బాగా ఎదిగి, పూత దశకు వచ్చిన జొన్నతో ఈ బెడద లేదు.

కోళ్ల షెడ్లున్నవారు పైకప్పు మీద గడ్డి గానీ గోనెలు గానీ పరచి తడపాలి, లేదా సున్నం కొట్టాలి. పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా మేత ఆపాలి. అమ్మకానికొచ్చిన బరువైన కోడే ముందు చస్తుంది కాబట్టి ఎరుపు హెచ్చరికకు ముందే అమ్ముకోవడం తెలివైన పని.

మనిషి సంగతి మరవొద్దు. 2003 ఎండల్లో ఉమ్మడి రాష్ట్రంలో మూడు వేల మందికి పైగా చనిపోయారు. 2015 మే నెలాఖరున, సరిగ్గా రోహిణి కార్తెలో, రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు రెండు వేల మంది పోయారు. రోళ్లు పగిలే ఎండలన్న సామెత ఊరికే పుట్టలేదు. పోయినవారిలో ఎక్కువమంది కూలీలు, ముసలివారు, బయట పని తప్పనివారు. పొలం పని పొద్దున పది లోపు ముగించాలి. లీటరు నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి సీసాలో వెంట ఉంచుకోండి. మాట తడబడి, ఒళ్లు కాలిపోతూ, చెమట ఆగిపోతే అది నీరసం కాదు, వడదెబ్బ. బట్టలు వదులు చేసి, తడి గుడ్డలు కప్పి, విసురుతూ 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయొద్దు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబానికిచ్చే సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. జరగరానిది జరిగితే ఆస్పత్రికి, తహసీల్దారు కార్యాలయానికి తెలపకుండా అంత్యక్రియలు చేస్తే కారణం తేల్చే కాగితమే ఉండదు.

సాయంత్రం మబ్బు

మూడు రోజులు మాడ్చి నాలుగో సాయంత్రం పడమట నల్లటి మబ్బు లేవడం మన వైపు మామూలే. కాగిన నేల మీది గాలి పైకి లేస్తుంది, దానికి తేమ తోడైతే గోపురంలా పెరిగిన మబ్బు గంటలో గాలి, మెరుపు, వడగళ్లు కురిపిస్తుంది. 2024 మే 7 సాయంత్రం ఎండలతో అల్లాడిన నగరం మీద అలాంటి వానే పడింది. బాచుపల్లిలో గోడ కూలి ఏడుగురు చనిపోయారు. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు వడగళ్లు నేలంతా తెల్లగా కప్పేశాయి, తోటలు నుజ్జయ్యాయి.

అందుచేత ఎండ హెచ్చరికతో పాటు అదే బులెటిన్‌లో అక్కడక్కడా ఉరుములతో జల్లులు అని ఉంటే దాన్ని చల్లని కబురుగా మాత్రమే తీసుకోవద్దు. ఆ రోజు మధ్యాహ్నం రెండింటి నుంచి రెండు మూడు గంటల హెచ్చరికలు చూస్తూ ఉండాలి. దామిని యాప్ పిడుగు దగ్గర్లో పడే ప్రమాదాన్ని ముందుగా చెబుతుంది. నీడ పందిళ్ల తాళ్లు బిగించాలి, ఆరబోసిన ధాన్యం మీద పట్టాలు సిద్ధంగా ఉంచాలి, పక్వానికొచ్చిన మామిడి ముందే కోయాలి. మబ్బు లేచినప్పుడు బర్రెలను చెట్టు కింద కట్టొద్దు. పొలంలోని ఒంటరి చెట్టు కిందికి మీరూ పోవద్దు.

ఆ మొదటి వాన చూసి విత్తనం సంచి విప్పేవారి కోసం ఇంకొక్క మాట. రోహిణిలో పడే గాలివానలు నైరుతి కావు. మృగశిర కార్తె వచ్చి, 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల లోపలిదాకా తడిశాకే మెట్ట చెలకల్లో పత్తి, మొక్కజొన్న విత్తాలి. అది బేగంపేటలో పడ్డ వాన లెక్క కాదు, మీ చేలో పడ్డది. గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి చెట్టూ చూరూ లేని చోట గట్టు మీద పెట్టి, వాన వెలవగానే స్కేలు దించి చూడండి. ఒక సెంటీమీటరు నీరుంటే పది మిల్లీమీటర్లు. రాసుకొని పారబోసి మళ్లీ పెట్టండి. రెండు వానల మధ్య వారం రోజుల ఎండ వస్తే ముందు పడ్డది చాలామటుకు ఆవిరైపోయినట్టే, లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.